గంజి ఒలికిన రోజు

నిరుడు మే నెలలో, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో అన్నం వారుస్తుండగా మరిగే గంజి నా ఎడమ కాలి మీద ఒలికింది. ఆ రోజు చుట్టాలు రావడంతో కుక్కరు పక్కన పెట్టి పెద్ద సత్తు తపేలాలో ఎసరు పెట్టాను. చేతిలోని మసిగుడ్డ తడిసి ఉందని గమనించలేదు. పొడి గుడ్డ కంటే తడి గుడ్డ వేడిని చాలా త్వరగా చేతికి చేరుస్తుంది. వేళ్ళు చుర్రుమనగానే పట్టు సడలింది, సిబ్బి పక్కకు జారింది, గంజి చీర కుచ్చెళ్ళ మీదుగా పాదం మీదికి దిగింది.

గంజి నీళ్ళలాగా జారిపోదు. చిక్కగా చర్మానికి అంటుకొని వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, గంజి గానీ పాకం గానీ పడితే గాయం లోతుగా దిగుతుంది. దాన్ని పీల్చుకున్న నూలు చీర కూడా చర్మాన్ని కాలుస్తూనే ఉంటుంది. మా తోడికోడలు పరుగున వచ్చి, బట్ట చర్మానికి అతుక్కోక ముందే కుచ్చెళ్ళు లాగేసి, నన్ను పెరట్లోని పంపు దగ్గర కూర్చోబెట్టింది. పంపు తిప్పితే మేడ మీది ట్యాంకులో ఎండకు కాగిన నీళ్ళు వచ్చాయి. బెజవాడ మే నెల మధ్యాహ్నం ఆ నీళ్ళు ఎంత వేడిగా ఉంటాయో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. ఆమె వెంటనే సంపు మూత తీసి, బకెట్టుతో చల్లని నీళ్ళు తోడి, చెంబుతో ధారగా పోయసాగింది.

అయిదు నిమిషాలకే మంట తగ్గింది, ఇక చాలన్నాను. చెంబు ఆగిన మరుక్షణం మంట మళ్ళీ లేచింది. బడిలో ప్రథమ చికిత్స శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు కావడంతో, ఆమె గడియారం చూసుకుంటూ 20 నిమిషాలూ పోసింది. కాలిన మూడు గంటల లోపు ఇలా చల్లబరచినా ఎంతో కొంత మేలు ఉంటుందట.

ఈలోగా మా అత్తయ్యగారు టూత్‌పేస్టు పట్టుకొచ్చారు. పక్కింటి పిన్నిగారు సిరా పూయమన్నారు, మరొకరు ఐసు పెట్టమన్నారు. అందరిదీ ప్రేమే. "ఏమీ వద్దత్తయ్యా, నీళ్ళే పోయనివ్వండి" అని తోడికోడలు అడ్డుపడింది. పేస్టు పుండును రేపుతుంది, సిరా పూస్తే చర్మం రంగు కప్పబడిపోయి గాయం ఎంత లోతో డాక్టరుకు తెలియదు, ఐసు వల్ల కాలిన చర్మానికి రక్తం అందక ఇంకా చెడుతుంది.

తరువాత ఆమె నా మెట్టెలు తీయబోయింది. ముత్తయిదువ కాలి మెట్టెలు తీయడమా అని అత్తయ్యగారు ఒక్క క్షణం తటపటాయించారు, ఆ వెంటనే తామే వంగి తీశారు. గంట తిరిగేసరికి వేళ్ళు ఎంతగా వాచాయంటే, అప్పటికి మెట్టెలు ఉండి ఉంటే కత్తిరించవలసి వచ్చేది.

ఉతికిన పలుచని గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మన అరచేయి, వేళ్ళతో కలిపి, దాదాపు ఒంట్లో ఒక శాతం అని చెప్పి, డాక్టరుగారు నా గాయాన్ని మూడు శాతంగా లెక్కగట్టారు. చిన్నదే అయినా పాదం, చేయి, ముఖం, కీళ్ళు కాలితే తప్పక చూపించుకోవాలన్నారు. ధనుర్వాతం సూది వేశారు, బొబ్బలను ఇంట్లో చిదపవద్దన్నారు.

రోజు విడిచి రోజు కట్టు మార్చేవారు. నొప్పి కంటే, పుండు ఆరేటప్పుడు రాత్రిళ్ళు పుట్టిన దురద నన్ను ఎక్కువగా ఏడిపించింది. కాలు దిండు మీద ఎత్తి పెట్టుకొనే, చర్మం బిగుసుకుపోకుండా చీలమండను రోజూ ఆడించాను. 19వ రోజుకు పుండు మూసుకుంది. కొత్త చర్మం గులాబి రంగులో పలుచగా ఉండటంతో, కొబ్బరినూనె రాసి, ఎండ తగలకుండా మేజోళ్ళు వేసుకొని తిరిగాను.

ఇప్పుడు పొయ్యి పక్కన రెండు పొడి మసిగుడ్డలు విడిగా తగిలించి ఉంటాయి, వార్చేటప్పుడు పిల్లలను గడప దాటి లోపలికి రానివ్వను. శ్రావణ శుక్రవారం నాడు అత్తయ్యగారు నా వేలికి మెట్టె తొడిగి, నొప్పి ఉందేమోనని నా ముఖంలోకి చూసి, దాన్ని ఇంకాస్త వదులు చేశారు.