బస్రాలో తిట్టు, గోబీలో దండం

చమురు సైట్లలో తిరిగేవాళ్లకి దేశాల కంటే సైట్లే బాగా గుర్తుంటాయి. నాకు ముందు ఇరాక్‌లో బస్రా, తర్వాత మంగోలియాలో, గోబీ ఎడారిలో ఉన్న దోర్నోగోవి. పైపింగ్ పని ఎక్కడైనా ఒకటే. హైడ్రో టెస్ట్‌లో, అంటే పైపుల్లో నీళ్లు ఒత్తిడితో నింపి చూసేటప్పుడు, జాయింట్ కారితే అక్కడా మననే తిట్టారు, ఇక్కడా మననే తిడతారు. ఈ రెండు చోట్లకీ పాత చుట్టరికం ఉందని, అదీ అంత మంచి చుట్టరికం కాదని రెండోచోటికి వచ్చాకే తెలిసింది.

బస్రాలో మా ఫోర్‌మన్ బాగ్దాద్ మనిషి. స్టోర్‌లో సామాను చిందరవందరగా కనిపిస్తే చాలు, "హులాగు గానీ వచ్చిపోయాడా?" అని కేకలేసేవాడు. హులాగు ఎవరని ఒకరోజు అడిగితే, మొన్న మొన్న జరిగినట్టు చెప్పుకొచ్చాడు. 1258 ఫిబ్రవరిలో చెంఘిజ్ ఖాన్ మనవడు హులాగు బాగ్దాద్‌ని పట్టుకున్నాడు. అక్కడి పాలకుడు ఖలీఫా ముస్తాసింని చంపించాడు. అయిదు వందల ఏళ్ల అబ్బాసీల, అంటే ఆ ఖలీఫాల వంశం, ఏలుబడి అంతటితో సరి. గ్రంథాలయాల్లో పుస్తకాలన్నీ టైగ్రిస్ నదిలో పారేస్తే నీళ్లు సిరాతో నల్లబడ్డాయని అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. అందులో నిజమెంతో, కథ ఎంతో పక్కన పెడదాం. 2003లో యుద్ధానికి ముందు సద్దాం హుసేన్ అమెరికా వాళ్లని తిట్టడానికి కూడా "ఈ కాలపు మంగోలులు" అన్నాడంటే ఆ గాయం ఎంత పచ్చిగా ఉందో అర్థమవుతుంది.

అలాంటిది, ఆ హులాగు తాతగారి దేశంలో దిగితే విమానాశ్రయం పేరే చింగీస్ ఖాన్. వీళ్లు చెంఘిజ్‌ని అలాగే పలుకుతారు. జేబులో పెద్ద నోట్ల మీద ఆయన బొమ్మ, వోడ్కా సీసా మీద ఆయన బొమ్మ. ఉలాన్‌బాతర్ సుఖ్‌బాతర్ చౌక్‌లో ప్రభుత్వ భవనం ముందు ఆయన విగ్రహం, ఆయనకి అటూ ఇటూ కొడుకు ఒగెదెయ్, మనవడు కుబ్లాయ్. ఊరి బయట త్సోన్‌జిన్ బోల్దోగ్ దగ్గర గుర్రం మీద ఇంకోటి ఉంది. ఎత్తు 40 మీటర్లు, పట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు 250 టన్నులు. సెలవురోజున మా వెల్డర్లని తీసుకెళ్తే, వాళ్లు చక్రవర్తి మొహం చూడటం మానేసి గుర్రం కాళ్ల దగ్గర అతుకులు చూస్తూ నిలబడ్డారు.

మేం పనిచేసేది అల్తన్‌షిరే దగ్గర, భారత ప్రభుత్వం ఇచ్చిన రుణంతో కడుతున్న రిఫైనరీలో. ఏడాదికి 15 లక్షల టన్నుల ముడిచమురు శుద్ధి చేయాలని లెక్క. ముడిచమురు వీళ్ల దగ్గర ఉంది. కానీ శుద్ధి చేసుకునే చోటు లేక దాన్ని చైనాకి అమ్మి, పెట్రోలు, డీజిలు ఎక్కువగా రష్యా నుంచి కొనుక్కుంటున్నారు. ఒకప్పుడు ఆ రెండు దేశాల దగ్గరా కప్పం వసూలు చేసినవాళ్ల ఇప్పటి పరిస్థితి అది.

ఈ చింగీస్ మోజు మొదట్లో నాకు కాస్త అతిగా అనిపించింది. మా సైట్ బస్సు డ్రైవరు, అరవై దాటిన పెద్దాయన, తన చదువు రోజుల సంగతి చెప్పాక అలా అనిపించడం తగ్గింది. ఆయన బడిలో చదివేటప్పుడు చింగీస్ గురించి ఉన్నది నాలుగు ముక్కలేనట, అవీ దోపిడీదారుడని. సోవియట్ నీడలో ఆ పేరు గట్టిగా తలవడమే ప్రమాదం. 1962లో చింగీస్ పుట్టి 800 ఏళ్లయిందని దాదల్‌లో ఒక స్మారకం కట్టినందుకు ఏలుతున్న కమ్యూనిస్టు పార్టీలో పెద్ద నాయకుడైన తొమొర్-ఒచిర్ పదవే ఊడింది. 1990లో ఆ పాలన మారాక ఒక్కసారిగా గేట్లు ఎత్తినట్టయింది. 1920లలో తీసేసిన వంశనామాలని మళ్లీ పెట్టుకోమని ప్రభుత్వం చెప్పినప్పుడు, ఎంతోమందికి తమదేదో గుర్తులేక చింగీస్ వంశం పేరైన బోర్జిగిన్‌నే రాయించుకున్నారు. ఇంటిపేరు ముందు పెట్టుకుని తిరిగే మనకి ఇది వింటే నవ్వొస్తుంది గానీ, చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు.

విగ్రహాలకంటే నాకు నచ్చినవి ఇళ్లలో మిగిలిన అలవాట్లు. ఇక్కడి గుడారం ఇంటిని గెర్ అంటారు. దాని గడప తొక్కకూడదు. మనకిది ఒకరు చెప్పక్కర్లేదు కాబట్టి మావాళ్లు మొదటిరోజే మార్కులు కొట్టేశారు. 1254లో ఫ్రాన్స్ రాజు 9వ లూయీ ఉత్తరం పట్టుకుని అప్పటి మంగోల్ చక్రవర్తి మోంగ్కె ఖాన్ దగ్గరికి వచ్చిన విలియం రూబ్రుక్ అనే సన్యాసి వెంట ఉన్నాయన, బయటికి వస్తూ గడపకి తట్టుకుని తూలితే భటులు పట్టుకున్నారు. తెలియక చేశాడని ప్రాణంతో వదిలారు గానీ, మళ్లీ లోపలికి మాత్రం రానివ్వలేదు. ఇప్పుడు అంత లేదు. ఉప్పు వేసిన పాలటీ గిన్నె చేతికిచ్చి కూర్చోమంటారు. ఉప్పు టీ అలవాటు కావడానికి మాత్రం టైం పట్టింది.

ఆ రూబ్రుక్ రాసిన వాటిలో పైపింగ్ వాళ్లంతా చదవాల్సిన ముక్క ఒకటుంది. అప్పటి మంగోల్ రాజధాని కరాకోరంలో ఖాన్ కోట ముందు గియోమ్ బూషే అనే పారిస్ కంసాలి ఒక వెండి చెట్టు చేసిపెట్టాడు. చెట్టు లోపలినుంచి నాలుగు గొట్టాలు పైదాకా వెళ్లి వంగి కిందికి దిగుతాయి. ఒకదాంట్లో ద్రాక్షసారా, ఒకదాంట్లో పులిసిన గుర్రప్పాలు, ఒకదాంట్లో తేనె కల్లు, ఇంకోదాంట్లో బియ్యపు సారా. చెట్టు పైన బాకా పట్టుకున్న దేవదూత. బాకా ఊదగానే పనివాళ్లు నాలుగూ వదలాలి. ఊదడానికి ముందు తిత్తులు పెట్టి చూశాడట. గాలి ఒత్తిడి చాలలేదు. చివరికి చెట్టు కింద గొయ్యి తీసి ఒక మనిషిని దాచి అతనితో ఊదించాడు. డిజైన్ పనిచేయకపోతే మనిషిని పెట్టి నడిపించేయడం 13వ శతాబ్దంలోనే ఉందన్నమాట. ఆ చెట్టు బొమ్మ ఇప్పుడు 5,000 తుగ్రుగ్‌ల (ఇక్కడి డబ్బు) నోటు వెనక ఉంది.

ఈ బూషే ఇక్కడికి వీసా మీద రాలేదు. మంగోల్ సైన్యం హంగేరీ మీద పడినప్పుడు దొరికిపోతే పట్టుకొచ్చారు. అలా వచ్చినవాడు అతనొక్కడే కాదు. ఊరు పడిందంటే ముందు చేతిపని వచ్చినవాళ్లని వేరుచేసేవాళ్లు. చంపడంలో అంత తెగింపు ఉన్నవాళ్లకి పనివాడి విలువ మాత్రం తెలుసు. 1220లో సమర్‌ఖండ్ లొంగాక 30 వేలమంది పనివాళ్లని చింగీస్ తన కొడుకులకీ బంధువులకీ పంచాడని పారశీక చరిత్రకారుడు జువైనీ రాశాడు. నేతగాళ్లు, కమ్మరులు, కంసాలులు ఖండం ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారు. సిల్క్ రోడ్డు, వ్యాపారం, శాంతి అని ఆ కాలాన్ని పొగిడే రాతల్లో ఈ నడక గురించి ఉండేది తక్కువ. సామ్రాజ్యం పనితనం కూడబెట్టింది నిజమే, కానీ జీతం మాట ఎత్తకుండా కూడబెట్టింది. కరాకోరం వెళ్లి చూస్తే కోట లేదు, చెట్టు లేదు. రాతి తాబేళ్లు ఉన్నాయి, 16వ శతాబ్దం చివర్లో ఆ శిథిలాల రాళ్లనే వాడి కట్టిన ఎర్దెనె జూ మఠం ఉంది.

బాగ్దాద్‌లో హులాగుని ఎలా తలుచుకుంటారో మా దగ్గర పనిచేసే మంగోల్ కుర్రాడికి చెప్పాను. క్వాలిటీ సెక్షన్‌లో ఇంజనీరు, తెలివైనవాడు. కాసేపు ఆగి, "హులాగు ఇటు తిరిగి రాలేదు కదా అఖా, ఇరాన్‌లోనే ఉండిపోయాడు" అన్నాడు. అఖా అంటే మన అన్నా లాగే. తప్పించుకునే జవాబే గానీ, పూర్తిగా అబద్ధం కాదు. బాగ్దాద్‌ని నాశనం చేసిన మరుసటి ఏడాదే, 1259లో, ఇరాన్‌లోని మరాగాలో ఖగోళ పండితుడు నసీరుద్దీన్ తూసీ కోసం నక్షత్రాలని పరిశీలించే వేధశాల కట్టించడం మొదలుపెట్టింది ఆ హులాగే. ముని మనవడు ఘజాన్ 1295లో ముస్లిం అయ్యాడు. ఈ మాటలేవీ మా ఫోర్‌మన్‌కి చెబితే ఒప్పుకోడు. ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు.

ఈ కుర్రాడు ఇప్పుడు కొరియన్ నేర్చుకుంటున్నాడు. దక్షిణ కొరియా ఫ్యాక్టరీల్లో పనికి వెళ్లాలంటే భాషా పరీక్ష పాసవ్వాలి. ఇక్కడి యువతకి అదో పెద్ద ఆశ. 1274లో కొరియా యువరాజు కుబ్లాయ్ కూతుర్ని పెళ్లాడాడు, ఆ తర్వాత చాలాకాలం అక్కడి రాజులంతా మంగోల్ అల్లుళ్లే. ఆ సంగతి అతనికి నాకంటే బాగా తెలుసు. కానీ అతని టెన్షనంతా వినికిడి పేపర్ మీదే. ఇంజనీరువై ఉండి ఫ్యాక్టరీలో లైను పనికా అని అడిగితే జీతాల తేడా చెప్పాడు. నేను మారు మాట్లాడలేదు, నేనొచ్చిందీ ఆ లెక్క మీదే. ఇన్నేళ్ల గల్ఫ్ అనుభవంతో చెప్పగలిగింది చెప్పాను: పాస్‌పోర్ట్ నీ దగ్గరే పెట్టుకో, కాంట్రాక్ట్ నీకు చదవొచ్చిన భాషలో అడుగు, తిరుగు టికెట్ ఎవరు కొంటారో ముందే రాయించుకో. ఓవర్‌టైం సరిగ్గా కట్టి ఇస్తారా లేదా అన్నది మాత్రం అక్కడ చేసి వచ్చినవాళ్లనే అడగమన్నాను. వాళ్ల ఊళ్లోనే అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉన్నారట.