సాక్షి అన్న మాట

సిరిమాను పండక్కి ఇంటికి వచ్చిన మర్నాడే మా సీనియర్ గారిని చూడ్డానికి వెళ్లాను. విజయనగరం కోట దగ్గర సందులో అదే ఇల్లు, అరుగు మీద అదే పడక్కుర్చీ. ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ గొంతు తగ్గలేదు. కాఫీ రాకముందే అడిగేశారు.

"ఏట్రా, అమెరికా పిల్లలకి కోర్టులో మాటాడ్డం నేర్పుతున్నావట. ఏటి నేర్పుతావు?"

పన్నెండేళ్లు అక్కడ క్రిమినల్ డిఫెన్స్ లాయరుగా చేశాను. ఆరేళ్లుగా లా స్కూల్లో ట్రయల్ అడ్వకసీ చెబుతున్నాను. "మీరు నేర్పిందేనండి" అన్నాను. అది ఆయన మీది మర్యాదకి అన్న మాట కాదు.

నేను ఆయన దగ్గర జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఒక సెషన్స్ కేసు నడిచింది. ప్రాసిక్యూషన్ సాక్షి గజపతినగరం వైపు పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ. బోనులో కొంగు బిగించి పట్టుకుని నిలబడింది. ముద్దాయి పారిపోవడం చూశావా అని పి.పి. గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, అడిగితే, "నాను సూడ్నేదు బాబూ. ఆడే పరిగెట్టేడని ఊరంతా అనుకున్నారు" అంది. టైపు మిషను మీద అది ఇంగ్లీషులోకి దిగేసరికి 'ముద్దాయి పారిపోయాడు' అని మాత్రమే మిగిలింది. 'సూడ్నేదు' ఎటు పోయిందో! ఎవరూ కావాలని చేసింది కాదు. మధ్యాహ్నం ఒంటిగంట, ఇంకా ముగ్గురు సాక్షులున్నారు, అందరికీ ఆకలి.

మా సీనియర్ గారు లేచారు. గొంతు పెంచలేదు. "అమ్మ అన్న మాట అన్నట్టే ఎక్కించమని మనవి" అన్నారు. సెషన్స్ కోర్టులో సాక్ష్యం మామూలుగా కథనంలా రాసుకుంటారు. కానీ ఏ భాగాన్నైనా ప్రశ్న, జవాబుగా రాయించే అధికారం అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 276వ సెక్షన్ జడ్జిగారికి ఇచ్చింది. ఆ సెక్షన్ చదివి వినిపించారు. జడ్జిగారు ఒప్పుకున్నారు. ముసలమ్మ మాట తెలుగులోనే, ఆమె యాసలోనే కాగితం మీదికి ఎక్కింది. ఆ కేసులో ముద్దాయి బయటపడ్డాడు. బయటికొచ్చాక సీనియర్ గారు నాతో అన్నది ఒక్కటే. "సాక్షి ఏటందో ఇన్నావా? మనం అడిగింది కాదు, ఆవిడ అంది."

విన్నాననే అనుకున్నాను. ఆ పాఠం నాకు ఎక్కడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టింది, ఒక మనిషికి నష్టం జరిగాక.

న్యూయార్క్ రాష్ట్రంలో మన బి.ఎల్. చదివినవాళ్లు ఏడాది ఎల్.ఎల్.ఎం. చేసి, అక్కడ లాయరుగా పనిచెయ్యడానికి పాసవ్వాల్సిన బార్ పరీక్ష రాయొచ్చు. రెండు రోజుల పరీక్ష, అందులో ఒక రోజంతా 200 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. పాసయ్యాక లాయరు ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల తరఫున వాదించే ఆఫీసులో చేరాను. డబ్బు లేనివాడికీ లాయరు ఉండాలన్న హక్కుకి అక్కడ పునాది 1963 నాటి గిడియన్ తీర్పు. ఫ్లోరిడాలో దొంగతనం కేసులో గిడియన్ తనకి లాయరు కావాలని అడిగితే కోర్టు ఇవ్వలేదు. తన కేసు తనే వాదించుకుని ఓడిపోయాడు. జైల్లోంచి పెన్సిలుతో సుప్రీంకోర్టుకి రాసుకున్నాడు. రెండోసారి విచారణలో లాయరు పక్కనుంటే నిర్దోషిగా బయటికొచ్చాడు. మన దేశంలోనూ రాజ్యాంగం 39ఎ అధికరణం, 1979 హుస్సేనారా ఖాతూన్ తీర్పు ఇదే దారి చూపించాయి.

నా మొదటి జ్యూరీ విచారణ సంగతి చెప్పాలి. జ్యూరీ అంటే కేసు విని తీర్పు చెప్పే పన్నెండుమంది మామూలు మనుషులు. అక్కడ ముద్దాయి కోర్టు వెనక బోనులో నిలబడడు. లాయరు పక్కనే, ఒకే బల్ల దగ్గర కూర్చుంటాడు. జైలు బట్టలతో జ్యూరీ ముందుకి రమ్మని బలవంతపెట్టకూడదని 1976లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మా ఆఫీసులో ఒక బీరువా నిండా కోట్లు, చొక్కాలు ఉండేవి, దానంగా వచ్చినవి. నా క్లయింటుకి ఒక నీలం చొక్కా తీశాను. మెడ దగ్గర వదులైంది. టై కట్టుకోవడం అతనికి రాదు. కోర్టు పక్క గదిలో అతని ఎదురుగా నిలబడి నేనే కట్టాను. చెమట వాసన, కొత్త సబ్బు వాసన కలిసి వచ్చాయి. ముడి బిగిస్తుంటే గొంతు కింద నరం కొట్టుకోవడం నా వేళ్లకి తెలిసింది. చిన్నప్పుడు స్కూలుకెళ్లే ముందు మా నాన్నగారు నా పై గుండీ పెట్టేవారు, అది గుర్తొచ్చింది.

ప్రధాన సాక్షి దెబ్బలు తిన్న మనిషి. తన మీద పడ్డవాడిది ఎర్ర జాకెట్ అని కోర్టులో చెప్పాడు. పోలీసులకి ఆ రాత్రి ఇచ్చిన వాంగ్మూలంలో ఆ మాట లేదు. మన దగ్గర ఇలాంటి ఒమిషన్ దొరికితే క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, పండగే. "ఆ రాత్రి ఎర్ర జాకెట్ గురించి పోలీసులకి చెప్పలేదు కదా?" అని అడిగాను. "చెప్పలేదు" అన్నాడు. అక్కడ కూర్చోవాలి. నేను కూర్చోలేదు. "ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

అతను జ్యూరీ వైపు తిరిగి చెప్పాడు. అప్పటికి తన చెవిలోంచి రక్తం కారుతోందట. తన చిన్న కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోందట. పోలీసు ఏమడుగుతున్నాడో తనకి వినపడలేదట. పన్నెండుమందీ కదలకుండా విన్నారు. నేను కంగారుపడి ఇక్కడి అలవాటులోకి పడిపోయాను. మన క్రాస్ చివర్లో సజెషన్లు వేస్తాం కదా, 'నువ్వు అబద్ధం చెబుతున్నావు' అని. సాక్షి కాదంటాడు, 'అనడం నిజం కాదు' అని డిపాజిషన్‌లో, అంటే కోర్టు రాసుకునే సాక్ష్యంలో, పడుతుంది, అంతటితో మన పని అయిపోతుంది. అదే అక్కడా అనేశాను. ప్రశ్న అడక్కుండా వాదన చేస్తున్నానని ప్రాసిక్యూటర్ అభ్యంతరం పెట్టారు, జడ్జి ఒప్పుకున్నారు. జ్యూరీలో ఒకావిడ నా మీద నుంచి చూపు తిప్పేసుకుంది.

నా క్లయింటుకి శిక్ష పడింది. ఆ ఒక్క ప్రశ్న వల్లేనని ఎవరూ రుజువు చెయ్యలేరు. నాకు మాత్రం ఆ చొక్కా మెడ ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

నన్ను బోధనలోకి లాగింది ఆ కేసే. విచారణ దాకా వచ్చే కేసులు అక్కడ చాలా తక్కువ. ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడంతోనే వస్తున్నాయని 2012 నాటి ఫ్రై తీర్పులో సుప్రీంకోర్టే రాసింది. కొత్త లాయరుకి కోర్టులో తప్పులు చేసి నేర్చుకునే అవకాశం లేదు. నేర్చుకునేటప్పుడు జరిగిన తప్పుకి ఒకరి జీవితం బలి కాకూడదు. ఆ తప్పులు క్లాసులోనే జరిగిపోవాలి.

1971లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ట్రయల్ అడ్వకసీ వాడే పద్ధతి ఒకటుంది, దాన్నే నేనూ పాటిస్తాను. విద్యార్థి లేచి సాక్షిని ప్రశ్నిస్తాడు. నేను అతని మాటలు పొల్లు పోకుండా రాసుకుంటాను. అయ్యాక ముందు ఒకే ఒక్క లోపం పేరు చెబుతాను. తర్వాత నేను రాసుకున్నది తిరిగి చదువుతాను. దాన్ని ప్లేబ్యాక్ అంటారు. ఆ తర్వాతే ఎలా మార్చాలో, ఎందుకు మార్చాలో చెప్పడం. పిల్లలు ప్లేబ్యాక్ విని తెల్లబోతారు. "నేను అలా అన్నానా?" అంటారు. ఒక ప్రశ్నలో మూడు విషయాలు కలిపేస్తారు, సాక్షి జవాబు పూర్తికాకముందే కాగితంలోకి చూసుకుంటారు. నేను వాళ్ల చేతుల్లోంచి కాగితం తీసేసుకుంటాను. సాక్షి చివర అన్న మాటని పట్టుకునే తర్వాతి ప్రశ్న మొదలవ్వాలి, అది నా క్లాసులో షరతు.

ఇదంతా సీనియర్ గారికి చెప్పాను. ముసలమ్మ కేసు గుర్తుందా అని అడిగితే, గుర్తులేదన్నారు. ఆయన చేతిమీదుగా నడిచిన కేసులు వందల్లో ఉంటాయి మరి. కాసేపు ఆగి, "ఆవిడ ఏటందన్నావు?" అని అడిగారు. చెప్పాను. "సూడ్నేదు" అని మెల్లగా తనలో తను అనుకున్నారు.

మా అక్క కూతురు ఇక్కడే ప్రాక్టీసు మొదలుపెట్టి నాలుగు నెలలైంది. తిరిగి అమెరికా వెళ్లేముందు ఒక పూట దానితో కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. బోనులో ఒక పెద్దాయన సాక్ష్యం చెబుతున్నాడు. అది పుస్తకంలో రాసుకుంటోంది. 'రాలేదు' అని రాసి, ఆగి, తలెత్తి ఆయన వైపు చూసింది. దాన్ని కొట్టేసి పక్కన 'రానేదు' అని రాసింది.