మా ఊళ్ళో ఏముంది? రాళ్ళే!

ఇథియోపియాలో పాఠాలు చెప్పబట్టి నాకు నాలుగేళ్ళు. మొదటిరోజే పరువు పోగొట్టుకున్నాను. "మీ క్లాసు రెండు గంటలకు" అన్నారు. మధ్యాహ్నం భోంచేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని తీరిగ్గా పోతే గది ఖాళీ. పిల్లలు పొద్దున్నే వచ్చి, చూసి చూసి వెళ్ళిపోయారట. అక్కడ గంటల లెక్క తెల్లవారి ఆరు నుంచి మొదలు. మన ఏడు వాళ్ళకు ఒకటి, మన ఎనిమిది వాళ్ళకు రెండు. క్యాలెండరూ వేరే. ఏడాదికి 13 నెలలు, ఆ చివరి నెలకు అయిదు రోజులు, ఒక్కోసారి ఆరు. సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక నడుస్తుంది. ఈ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ, "అయితే నీ వయసు ఎనిమిదేళ్ళు తగ్గినట్టేనా? ఇంకోసారి సంబంధాలు చూడమంటావా?" అంది.

మిగతాదంతా అలవాటైపోయింది. ఇంజెరా అంటే టెఫ్ అనే సన్న గింజల పిండి పులియబెట్టి పోసే పెద్ద దోసె. తిప్పి కాల్చరు, ఒక వైపే. బుధ, శుక్రవారాలు వాళ్ళకు ఉపవాసాలు, అంటే మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు. నాలాంటి శాకాహారికి వారానికి రెండు పండగలన్నమాట. వీధిలో ఆటోని 'బజాజ్' అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు అనంతపురం క్లాక్ టవర్ దగ్గర నిలబడ్డట్టే అనిపించింది. తెల్లవాళ్ళు కనబడితే పిల్లలు "ఫెరెంజి, ఫెరెంజి" అని వెంటపడతారు. మన పరంగి అన్న మాటే అది. నన్ను మాత్రం 'హింద్' అంటారు. మా అనంతపురంలో ఏ తెల్లమనిషి కనబడినా ఫెర్రర్ సంస్థకు వచ్చినవాళ్ళే అనుకుంటాం. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు ఇక్కడికి వచ్చి, పేదల కోసం పనిచేస్తూ స్థిరపడ్డప్పటి నుంచి ఇంతే.

రెండేళ్ళ కిందట అక్కడి మా పక్కింటి లెక్కల టీచరు నన్ను లాలిబెలా అనే ఊరికి తీసుకుపోయింది. నేల మీద కట్టిన గుళ్ళు కావవి. కొండరాయిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ పోయి, 11 చర్చీలు చెక్కారు. శిలువ ఆకారంలో ఉన్న సెయింట్ జార్జి చర్చి దగ్గరికి పోతే ముందు కనబడేది కప్పే. గోడలు చూడాలంటే గుంతలోకి దిగాలి. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోతుంటే, చల్లటి రాయి పాదాలకు తగిలి మా ఊరి గుడే గుర్తొచ్చింది. ఆ రాత్రి కాఫీ దగ్గర (వాళ్ళు కాఫీ మూడు దఫాలు పోస్తారు, మూడోది తాగకుండా లేవనివ్వరు) ఆమె అడిగింది: "మీ ఊళ్ళో చూడ్డానికి ఏముంది?"

"ఏముంటుంది? రాళ్ళే" అన్నాను.

ఆమె నవ్వి, "మరి ఇయ్యాల మనం చూసొచ్చిందేంటి?" అంది.

నాకు బదులు తోచలేదు. ముప్పై ఏళ్ళు అనంతపురంలో ఉండి గండికోట చూడలేదు. బెలూం గుహలకు పోలేదు. తాడిపత్రి మీదుగా బస్సులో ఎన్నిసార్లు పోయానో, గుడికి ఒక్కసారీ దిగలేదు. అందుకే ఈ జూలై సెలవులకు ఇంటికి రాగానే తమ్ముడితో కారు తీయించాను. నాయన రానన్నాడు. "వాన పడితే చెనిక్కాయ విత్తాల. మీరు పోండి" అని చేను దిక్కు చూస్తూ కూర్చున్నాడు. అమ్మ మాత్రం తెల్లారేసరికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు డబ్బాకెత్తి కారు ముందర నిలబడింది.

తాడిపత్రి దగ్గరపడే కొద్దీ రోడ్డుకు రెండు పక్కలా బండలే బండలు. నల్లవి, బూడిదరంగువి, పేర్చిన అట్టల్లా నిలబెట్టారు. పాలిష్ మిషన్ల నుంచి పాలలాంటి తెల్లటి నీళ్ళు కాలవల్లో పారుతున్నాయి. మా ఇంటి వసారాలో పరిచింది ఈ బండలే. మేం వాటి మీద పడి మోకాళ్ళు పగలగొట్టుకున్నవాళ్ళమే గానీ, ఎక్కడివని అడిగినవాళ్ళం కాదు.

చింతల వెంకటరమణస్వామి గుడిలో గరుడ మండపాన్ని రాతి రథంలా చెక్కారు. నన్ను కదలనివ్వంది మాత్రం పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయం. రెండు గోపురాలు పూర్తి కాలేదు. పైన శిఖరాలు లేవు, మొండిగా ఆగిపోయాయి. మిగిలిన కింది భాగం మీద మాత్రం అరచేయి పెట్టేంత ఖాళీ లేదు. లత పక్కన లత, దాని పక్కన హంసల వరస, మళ్ళీ చిన్న చిన్న మంటపాలు. ఒక లతను వేలితో తడుముతూ పోయాను. మలుపు దగ్గర రాయిని ఎంత పలచగా తీశారంటే, గోరు వెనక్కి దూరింది. శిఖరం ఎందుకు కట్టలేదన్న బాధ నాకైతే కలగలేదు. కట్టి ఉంటే తల పైకెత్తి దాన్నే చూసి వచ్చేసేదాన్ని.

అక్కడి నుంచి బెలూం ముప్పై కిలోమీటర్లు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. పైన చూస్తే చదును నేల, ఎండ, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ పొగ. కింద గుహ ఉందంటే ఎవరూ నమ్మరు. లాలిబెలాలో లాగే ఇక్కడా ముందు గుంత, తర్వాత మెట్లు. అక్కడ మనుషులు ఉలులతో తొలిచారు, ఇక్కడ నీళ్ళు సున్నపురాయిని కరిగించుకుంటూ పోయాయి. తేడా అదొక్కటే.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. ఆ తర్వాత వందేళ్ళకు, 1982-83లో, జర్మనీ నుంచి గెబావర్ బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. మొత్తం 3,229 మీటర్లు. జనం చూడ్డానికి తెరిచింది 2002లో, అదీ ఒకటిన్నర కిలోమీటరే. ఇద్దరూ పరంగివాళ్ళే అని తమ్ముడితో అంటే, "నువ్వు పోయి లాలిబెలా చూడలా? ఇదీ అంతే" అన్నాడు. నిజమే.

లోపల గాలి కోసం గొట్టాలు పెట్టారు గానీ, పది నిమిషాలకే జాకెట్టు చెమటతో తడిసిపోయింది. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్ళను వేలి కణుపుతో తడితే ఒక్కోటి ఒక్కో శ్రుతి పలుకుతుందన్నారు. తట్టాను. ఒకటి ఇత్తడి బిందెలా మోగింది, దాని పక్కది మట్టికుండలా. అమ్మ మోకాళ్ళ నొప్పితో ఎక్కడో ఆగిపోతుందనుకున్నాం. ఆగలేదు. 46 మీటర్ల లోతున పాతాళగంగ దాకా దిగి, ఆ సన్నటి పారకాన్ని చూసి, "పైన బోరేస్తే వెయ్యడుగులకు పడని నీళ్ళు ఇక్కడ దాక్కున్నాయా?" అంది. మా పొలంలో మూడు బోర్లు ఎండిపోయాయి. ఆ మాటకు మేమిద్దరం ఏమీ అనలేదు.

రాత్రి జమ్మలమడుగులో ఉండి, పొద్దున్నే గండికోట చేరాం. పెన్న లోయ ఫోటోలు అందరూ చూసేఉంటారు, దాన్ని నేను వర్ణించను. ఫోటోల్లో రానిది గాలి. జూలై గాలి చెవుల్లో హోరు పెడుతుంటే పక్కనున్న మనిషితో కేకేసి మాట్లాడాల్సి వచ్చింది. అమ్మ కొంగు గట్టిగా దోపుకుని బండ మీద కూర్చుంది. మేం మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, పక్కనే ధాన్యాగారం చూసి వచ్చాం. ధాన్యాగారంలో గబ్బిలాల వాసన.

1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చి, గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. జుమ్లా ఇక్కడ ఒక ఫ్రెంచివాడి చేత ఫిరంగులు పోత పోయిస్తున్న సంగతి తావెర్నియే రాసుకున్నాడు. పరంగివాడు, ఫిరంగి, ఫెరెంజి: ఈ మూడు మాటలు తిప్పి తిప్పి అనుకుంటూ, కోట గోడ నీడన కూర్చుని అమ్మ ఇచ్చిన చల్లారిన బజ్జీలు తిన్నాం.

తిరుగు దారిలో తాడిపత్రి దగ్గర కారాపి, పాలిష్ పట్టిన జానెడు బండముక్క ఒకటి అడిగి తీసుకున్నాను. డబ్బులిస్తే ఆయన నవ్వాడు. "రాయికి డబ్బులేందమ్మా, తీసుకపో. యా ఊరికి?" ఇథియోపియాకు అన్నాను. అర్థం కాలేదేమో, "మంచిది, భద్రం" అన్నాడు.

సెలవులైపోయే ముందురోజు సంచి తూకం వేస్తే రెండు కిలోలు ఎక్కువొచ్చింది. నేను చీరలు తీసి పక్కన పెడుతున్నాను. అమ్మ వచ్చి బండముక్క బయటికి లాగి, ఆ జాగాలో ఊరగాయ డబ్బా పెట్టింది. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టింది. చివరికి చెప్పుల జత ఇంట్లో వదిలేసి రెండూ తీసుకొచ్చాను. ఇప్పుడా బండముక్క లెక్కల టీచరు ఇంట్లో ఉంది. కాఫీ కాచే జెబెనా కుండను దాని మీద పెడుతోంది.