ఇంకొంచెం పెట్టేదా?

"రెండేళ్లు ఆగలేకపోయిందా ఆ అమ్మాయి?" అన్నాను. అంతే, క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఫోర్కు కింద పెట్టేసింది.

ఇక్కడ ఫ్రాన్స్‌లోని నాంత్‌లో మా ఆఫీసులో నా ఫ్రెంచి క్రియాపదాలు సరిదిద్దే ఓపిక ఆవిడకొక్కదానికే ఉంది. 'షెర్బూర్ గొడుగులు' అనే ఫ్రెంచి సినిమా డీవీడీ ఇచ్చిందీ ఆవిడే. "మా అమ్మ ఆగింది. అల్జీరియా యుద్ధం నుంచి మా నాన్న వచ్చాడు కానీ, వచ్చినవాడు వేరే మనిషి" అని ప్లేటు తీసుకుని వెళ్లిపోయింది.

నేనన్నదాంట్లో తప్పేముంది? సినిమా నాకు నచ్చలేదనలేదే. 1964 నాటిది. మాటంటూ ఉండదు, మొత్తం పాటే. గ్యారేజీలో మెకానిక్కులు రాగం తీస్తుంటే మొదట నవ్వొచ్చింది, నిజమే. పది నిమిషాల్లో అలవాటైపోయింది. రాయబారానికొచ్చిన కృష్ణుడు పద్యంలో బెదిరిస్తే వన్స్‌మోర్ కొట్టే ఊళ్లో పుట్టినవాణ్ని, నాకిదొక వింతా? పైగా దర్శకుడు జాక్ దెమీ పెరిగింది ఈ ఊళ్లోనే, వాళ్ల నాన్నది గ్యారేజీ. ఇంకో గంట ఉంటావా అని గ్యారేజీ యజమాని అడిగితే ఇవాళ కుదరదని హీరో గీ హాయిగా పాడేస్తాడు. ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది, నేను మా మేనేజర్‌కి ఆ ముక్క మామూలుగా కూడా చెప్పలేకపోయాను.

నాకు మింగుడుపడనిది హీరోయిన్ జెనవియేవే. 1957లో గీని సైన్యంలోకి పిలుస్తారు. రెండేళ్లు అల్జీరియా. ఈమె కడుపుతో ఉంటుంది, ఉత్తరాలు సరిగా రావు. తల్లి గొడుగుల కొట్టుకి డబ్బు చిక్కులు. బిడ్డతో సహా చేసుకుంటానని నగల వ్యాపారి వస్తాడు. ఫొటో చూసుకుంటూ, గీ ముఖం గుర్తు రావట్లేదంటుందీ పిల్ల. అప్పటికి నిండా ఆర్నెల్లు కూడా కాలేదు!

మా నాయన కువైట్‌లో పదకొండేళ్లున్నాడు. రెండేళ్లకోసారి వచ్చి నలభై రోజులుండేవాడు. రాజంపేట దగ్గర మా వీధిలో సగం ఇళ్లు అంతే. అమ్మ ఆగింది. ఆగిందని ఎవరూ పొగడనూ లేదు, ఆగుతావా అని ఎవరూ అడగనూ లేదు. ఈ మాట ఆవిడ మొహాన అనేసి ఉండాల్సిందని సాయంత్రం దాకా ట్రామ్‌లో కూడా గొణుక్కుంటూనే ఉన్నాను.

రాత్రి చివరి సీన్ మళ్లీ పెట్టుకున్నాను. 1963 డిసెంబరు, మంచు. గీ పెట్రోలు బంకులోకి జెనవియేవ్ కారు వస్తుంది, లోపల అతని కూతురు. సూపరా, మామూలుదా అని కుర్రాడు అడుగుతాడు. ఏదైనా ఒకటేనంటుంది. పాపని చూస్తావా అంటే గీ వద్దంటాడు. బాగున్నావా అని ఆమె అడుగుతుంది. బాగున్నానంటాడు.

అక్కడ ఆపేశాను. నాయన పూర్తిగా వచ్చేశాక మొదటి సంవత్సరం గుర్తొచ్చింది. తిన్న కంచం తనే కడుక్కునేవాడు. మాకు అడక్కుండానే ముద్ద మీద ముద్ద వేసే అమ్మ, ఆయన దగ్గర గరిటె పట్టుకుని నిలబడేది. "ఇంకొంచెం పెట్టేదా?" అని చుట్టాన్ని అడిగినట్టు అడిగేది. ఆయన కూడా చుట్టంలాగే చేయి అడ్డం పెట్టి చాలనేవాడు.

అయినా, ఆగింది కదా.

డీవీడీ ఇంకా నా దగ్గరే ఉంది. సోమవారం ఇవ్వాలి. ఆవిడకి ఏం చెప్పాలో రెండు వాక్యాలు రాసుకున్నాను, క్రియాపదాలు సరిగ్గా ఉన్నాయో లేదో.