దుబాయ్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: పడమరకి పోవాలంటే ఉత్తరానికి

మా కావలి నుంచి మీనంబాక్కం విమానాశ్రయానికి కారులో నాలుగ్గంటల పైనే. చెన్నై నుంచి దుబాయ్‌కీ అంతే, కాకపోతే అది 2,900 కిలోమీటర్లు. అసలు ప్రయాణం ఆ తర్వాత. దుబాయ్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 13,000 కిలోమీటర్లు, ఏకబిగిన 16 గంటలు.

సీటు ముందరి తెరమీద మ్యాపు చూస్తా మా ఆవిడ, "ఏందండీ, అమెరికా పడమర కదా, ఇది రష్యా మీదికి పోతా ఉంది?" అంది. న్యాయమైన ప్రశ్నే. మనవడి గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్యా దారం బిగించి చూపించా. దారం ఉత్తర ధ్రువం దగ్గరగా పోయింది. గోడ మ్యాపులో తిన్నగా కనబడేదే చుట్టుదారి!

ఉదయం దుబాయ్‌లో ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం దిగుతాం. వేసవిలో అక్కడి గడియారం దుబాయ్ కంటే 11 గంటలు వెనక, చలికాలంలో 12. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఏ టైము ప్రకారం వేసుకోవాలో ముందే డాక్టరుని అడగండి. కిటికీ మోజు పిల్లలకి వదిలేసి నడవ పక్క సీటు తీసుకోండి. మోకాళ్లు నొప్పెట్టినప్పుడల్లా పక్కాయన్ని లేపలేం కదా.