పంప్ మీద పంప్ మార్చే ముందు ఆ ఎర్త్ వైర్ జర చూడున్రి

పాత పెట్రోల్ బండిల ఫ్యూయల్ పంప్ ఒకసారి పోయిందంటే వయసైపోయింది పోయింది అనుకోవచ్చు, కానీ కొత్తది ఏసినంక అదీ పోయి, మల్ల ఇంకోటి ఏస్తే అదీ పోతే, ఇగ పంప్‌ను తిట్టుడు బంద్ చేసి దాని చుట్టుపక్కల చూడాలె. మా బాపు బండి 2006 మోడల్ చిన్న కారు, దాంతోని మేం పడ్డ తిప్పలు ఇంకెవరూ పడొద్దని ఇంత వివరంగ రాస్తున్న.

బండి ఎట్ల సతాయించేదంటే, పొద్దున మంచిగ స్టార్ట్ అయ్యేది, హన్మకొండల తిరిగినంత సేపు ఏం లేదు, ఎండకాలం మధ్యాహ్నం కరీంనగర్ అక్కోళ్ల ఇంటికి బయలెళ్తే ఎల్కతుర్తి దాటినంక పికప్ తగ్గుడు, హుజూరాబాద్ దగ్గరికి వచ్చే వరకు గుంజి గుంజి ఆగిపోవుడు. చెట్టు కింద అర్ధగంట పెడితే మల్ల స్టార్ట్ అయితది. గ్యారేజీకి తీస్కపోతే పంప్ పోయిందన్నరు, మార్చిన్రు, కొన్ని నెలలు మంచిగుంది, మల్ల అదే కథ. మెకానిక్‌ను తప్పు పట్టుట్లేదు, ఆ లక్షణాలు చూస్తే ఎవరికైనా పంపే అనిపిస్తది.

ఈ ఎంపీఎఫ్ఐ బండ్లల్ల (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతోని పెట్రోల్ చల్లేటివి) పంప్ పెట్రోల్ ట్యాంక్ లోపల్నే మునిగి ఉంటది. దాన్ని చల్లగ ఉంచేది కూడా ఆ పెట్రోలే, మోటర్ లోపలి నుంచే పారుతది. చావి ఆన్ చేయంగనే వెనక సీటు కింద ఒకట్రెండు సెకన్లు కుయ్‌మని సప్పుడు వస్తది చూడున్రి, అది పంప్ లైన్ల ప్రెషర్ నింపుడు. ఇసొంటి బండ్లల్ల చానా వాటికి 3 బార్ దగ్గర ప్రెషర్ ఉండాలె. సప్పుడే రాకపోతే ఫ్యూజు, రిలే, వైరింగు చూడాలె, సప్పుడు వచ్చి కూడా స్టార్ట్ కాకపోతే గేజ్ పెట్టి ప్రెషర్ చూడాలె. బండి బంద్ చేసినంక కూడా ఆ ప్రెషర్ కొంతసేపు ఆగాలె, టక్కున పడిపోతే పంప్ల ఉండే వాల్వో, రెగ్యులేటరో, ఇంజెక్టరో లీక్ అయితున్నట్టు.

మాకు గేజ్ పెడితే బండి చల్లగున్నప్పుడు 3కు దగ్గర చూపిచ్చింది, వేడెక్కినంక 2 దాక దిగింది. అయితే పంపన్నా నీరసమైంది, లేకపోతే దానికి సరిపోయే కరెంటన్నా పోతలేదు. కరెంటు చెక్ చేసుడు అంటే మన దగ్గర చానా మంది టెస్ట్ బల్బు పెడ్తరు. మా మెకానిక్ భాయ్ కూడా పెట్టి "తమ్మీ, బల్బు మంచిగ వెలుగుతాంది కదా, లైన్ ఓకే" అన్నడు. కానీ ఆ చిన్న బల్బుకు ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు, పంప్‌కు 5 ఆంపియర్ల దాక కావాలె. పిన్ను నల్లబడి సగం పట్టున్నా బల్బు వెలుగుతది, పంపే సరిగ తిరగది. ప్లగ్ పీకి మల్టీమీటర్ పెట్టినా అంతే, లోడ్ లేనప్పుడు 12 వోల్టులు నిండుగ చూపిస్తది, మనం నమ్ముతం.

అందుకే ప్లగ్ పెట్టి ఉంచి, పంప్ తిరుగుతుండంగనే కొలవాలె. మీటర్ ఒక వైర్ బ్యాటరీ ప్లస్‌కు, ఇంకోటి పంప్ ప్లస్ పిన్నుకు పెడితే మధ్యల ఎంత వోల్టేజీ పోతాందో నేరుగ చూపిస్తది. అరవోల్టు లోపల ఉంటే పర్వాలేదు. మాకు 0.3 వచ్చింది, సరే అనుకున్నం. తర్వాత ఎర్త్ వైపు, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దిక్కు, పంప్ మైనస్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కు పెడితే 1.6 వోల్టులు! ఎర్త్ వైపు ఎవరూ చూడరు, మా బండి జబ్బు అక్కడ్నే ఉంది. లెక్కేస్తే 1.6ను 5తోని గుణిస్తే 8 వాట్ల వేడి, అదంతా అగ్గిపుల్ల తలకాయంత పిన్ను మీద పుడతాంది. ఆ ప్లగ్ విప్పి చూస్తే ప్లాస్టిక్ గోధుమ రంగు తిరిగి ఒక దిక్కు కరిగింది, పిన్ను వదులైంది.

ఇగ కొత్త పంప్ ఏసినప్పుడల్లా కొన్ని నెలలు ఎందుకు మంచిగుండేదో కూడా అక్కడ్నే తెల్సింది. పంప్ మార్చాలంటే ప్లగ్ గుంజి మల్ల పెట్టాలె కదా, ఆ రాపిడికి పిన్ను మీది నలుపు కొంచెం పోయి తాత్కాలికంగ పట్టు దొరికేది. పైగా పంప్ వైపు పిన్నులు కొత్తయి, బండి వైరింగ్ వైపు పిన్నులు మాత్రం 2006 నాటివే. రోజులు గడిస్తే మల్ల వేడి, మల్ల నలుపు.

నాకు కడుపు మండింది ఎక్కడంటే, గ్యారేజీల మూలకు పడేసిన మా పాత పంపులను పెట్రోల్ల ముంచి, మీటర్ పెట్టి, భాయ్ జాగ్రత్తగ నడిపి చూసిండు, అండ్ల ఒకటి శుభ్రంగ పనిచేసింది. అంటే బతికున్న పంప్‌ను తీసి పారేసినం. (ఇది ఇంట్ల చేయకున్రి, ఒక్క నిప్పురవ్వ చాలు. పంప్‌ను పెట్రోల్ లేకుంట తిప్పినా ఖరాబైతది.) ఇంకోటి మాత్రం నిజంగనే పోయింది, దాని కింద ఉండే జాలి సంచి తుప్పు పొడితోని ఎర్రగైంది.

ఆ తుప్పు ట్యాంక్‌దే. బాపు రిటైర్ అయినంక బండి నెలల తరబడి రిజర్వ్‌లనే నిలబడేది, ఖాళీ ట్యాంక్ల గాలి తేమ రాత్రిపూట నీళ్లై అడుగుకు చేరుతది, రేకు ట్యాంక్ తుప్పు పడ్తది. చానా మంది అంతా ఇథనాల్ మీదికి తోస్తున్నరు. 2023ల మొదలైన ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) ఇప్పుడు అంతటా వస్తాంది, పాత బండ్ల రబ్బరుకు, రేకుకు అది మంచిది కాదన్నది నిజమే, నీళ్లను కూడా గుంజుకుంటది. కానీ మా ప్లగ్ కరిగింది ఇథనాల్‌తోని కాదు. అన్నిటికీ దాన్నే అంటే అసలు జబ్బు దొరకది.

ట్యాంక్ దించి కడిగిచ్చినం, ఫిల్టర్ మార్చినం, ఎందుకంటే ఫిల్టర్ మూసుకపోతే పంప్ ఎక్కువ ఒత్తిడి మీద తిరిగి ఎక్కువ కరెంటు గుంజుతది. ప్లగ్ రెండు వైపులా కోసి కొత్తది పెట్టిచ్చినం, వైర్లు మెలేసి టేప్ చుట్టకుంట క్రింపింగ్ (లోహపు క్లిప్పుల పెట్టి గట్టిగ నొక్కుడు) చేపిచ్చిన, ఎర్త్‌కు కొంచెం లావు వైర్ ఏసి బాడీ మీద పెయింట్ గీకి బోల్టు బిగిచ్చినం. ఇప్పుడు ఎర్త్ వైపు 0.1 చూపిస్తాంది. 44 డిగ్రీల ఎండల కరీంనగర్ పోయొచ్చినం, ఎక్కడా ఆగలే. ట్యాంక్ పావు కంటె తక్కువకు దిగనిస్తలేం. గ్యారేజీల పంప్ మార్చాలంటే మాత్రం ముందుగాల ఎర్త్ వైపు రీడింగ్ చూపియ్యుమని అడుగున్రి, తీసిన పాత పంప్ కూడా ఇంటికి తెచ్చుకోన్రి.