వర్చువల్ జాబ్ ఫెయిర్: ముందు మీ లింకు తెరుచుకోవాలి

బెంగళూరు మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉంటూ ఏఐ ఉద్యోగాలు వెతుక్కుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వర్చువల్ జాబ్ ఫెయిర్‌లో ఒక్కో కంపెనీ స్టాల్ దగ్గర మాట్లాడే సమయం చాలాసార్లు పది నిమిషాలే. అందులో మూడు నిమిషాలు "సర్, లింకు ఓపెన్ అవుతోందా?" అని అడగడానికే పోతే ప్రాజెక్టు గురించి చెప్పేదెప్పుడు?

హగ్గింగ్ ఫేస్ స్పేసెస్‌లో (ఏఐ డెమోలు పెట్టుకునే సైట్) ఉచితంగా పెట్టిన డెమోని 48 గంటలు ఎవరూ తెరవకపోతే అది నిద్రపోతుంది. మళ్లీ లేవడానికి టైం పడుతుంది, పెద్ద మోడలైతే మరీను. ఫెయిర్ రోజు పొద్దున్నే తెరిచి ఒక ఇన్‌పుట్ ఇచ్చి చూడండి. గూగుల్ కొలాబ్ (బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే నోట్‌బుక్) లింకు మీ లాగిన్‌లో బాగానే వస్తుంది, షేరింగ్ మార్చకపోతే అవతలివాళ్లకు రాదు. ఇన్‌కాగ్నిటో విండోలో పెట్టి చూస్తే తేలిపోతుంది. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ మామూలుగా 100 ఎంబీ దాటిన ఫైలు తీసుకోదు. అందుకే చాలా రెపోల్లో (ప్రాజెక్టు ఫోల్డర్లలో) కోడ్ ఉంటుంది, వెయిట్స్ (మోడల్ నేర్చుకున్న అంకెల ఫైలు) ఉండవు. వాటిని హగ్గింగ్ ఫేస్‌లో పెట్టి, గిట్‌హబ్ రీడ్‌మీలో (ప్రాజెక్టు వివరాల ఫైలు) లింకివ్వండి. ఏదీ పనిచేయని రోజు కోసం రెండు నిమిషాల స్క్రీన్ రికార్డింగ్ డెస్క్‌టాప్ మీద ఉండాలి.

ఇక రెజ్యూమెలో "95 శాతం యాక్యురసీ" అని ఉంటే మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. 1000 లావాదేవీల్లో మోసాలు 50 అనుకోండి. అన్నిటికీ "మోసం కాదు" అనేసే మోడల్‌కీ 95 శాతం వస్తుంది, కానీ రీకాల్ (అసలు మోసాల్లో పట్టినవి ఎన్ని) సున్నా. దాని బదులు "50 మోసాల్లో 41 పట్టింది, సరైనవి 12 మోసమని పొరబడింది" అని రాయండి. రీకాల్ 82 శాతం, ప్రెసిషన్ (మోసమన్నవాటిలో నిజంగా మోసాలు) 77 శాతం అని అడిగినవాళ్లే లెక్కేసుకుంటారు. ఆ 12 ఎలాంటివో మీరు చూసి ఉండాలి, అసలు సంభాషణ అక్కడే మొదలవుతుంది. డేటా ఎలా విడగొట్టారనీ అడుగుతారు. ఒకే పేషెంట్ ఎక్స్‌రేలు ట్రైన్‌లోనూ (మోడల్‌కి నేర్పే భాగం) టెస్ట్‌లోనూ (పరీక్షించే భాగం) పడితే మోడల్ మార్కులు ఊరికే పెరుగుతాయి. విడగొట్టకముందే మొత్తం డేటా మీద స్కేలర్ (అంకెల్ని ఒకే కొలతకు తెచ్చే పద్ధతి) ఫిట్ చేసినా అంతే, టెస్ట్ డేటా సంగతి ట్రైనింగ్‌లోకి కారుతుంది.

పీజీ వైఫైని నమ్మొద్దు. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ చూడండి. కరెంటు పోతే లాప్‌టాప్ నడుస్తుంది గానీ రౌటర్ ఆగిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కి ముందురోజే ఒకసారి కనెక్ట్ చేసి ఉంచండి. మ్యాక్‌లో స్క్రీన్ షేర్‌కి మొదటిసారి పర్మిషన్ ఇస్తే బ్రౌజర్ మూసి తెరవాల్సి వస్తుంది, కాల్ మధ్యలో అదే జరిగితే క్యూలో మళ్లీ వెనక్కే.

స్టాల్ చాట్‌లో జాబ్ ఐడీ, ఈమెయిల్ ఇస్తే అప్పటికప్పుడే కాపీ చేసుకోండి. ఫెయిర్ ముగిశాక ఆ విండో తెరుచుకోకపోవచ్చు.